తిథికి ఆరు రోజుల ముందు

తాను ఇల్లు పోగొట్టుకోబోతోందని కో మిహోకు తెలిసేసరికి ఇంకా ముప్పై గంటలే మిగిలాయి. ఆ సంగతి చెప్పింది వకీలు కాదు, ఏ ఆఫీసు ఉత్తరమూ కాదు. నూనె మరక పడిన ఒక క్యాలెండర్ కాగితం.

ఆమె చదువుకోడానికి వచ్చిన పరాయి దేశంలో, కీలుంగ్ రేవులో మూడు రోజులుగా వాన. కిటికీలోంచి చూస్తే ఓడలు ఉన్నాయో లేవో తెలియదు, వాటి దీపాలు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టుంటాయి. వంటగదిలో ఇంటావిడ యూలాన్ పిన్ని కందదుంపల ముక్కలు వేయిస్తోంది. ప్రేతాల నెల కదా, వీధి గుమ్మం ముందు బల్ల వేసి దిక్కులేని ఆత్మలకు వడ్డించాలి. మిహో సగం కట్టిన పెట్టెల మధ్య కూర్చుని టీ తాగుతోంది.

"ఇదిగో అమ్మాయ్, ఇది నీది," అంటూ పిన్ని గోడకు గుచ్చిన కాగితం ఒకటి పీకి ఇచ్చింది. "రెండేళ్ళనుంచీ ఇక్కడే ఉంది. వచ్చేవారం నువ్వెళ్ళిపోతున్నావు, ఇంకా నాకెందుకు?"

రోజుకో కాగితం చింపే క్యాలెండర్ తాలూకు కాగితం అది. పిన్ని ఏ కాగితమూ పారేయదు. సరుకుల పట్టీలు, గ్యాసు వాడి నంబర్లు, అన్నీ వాటి వెనకే. ఈ కాగితం వెనక ఇలా ఉంది: "కో మిహో. మేడ మీద గది. చేపలు తింటుంది. కొత్తిమీర తినదు."

మిహో నవ్వుకుంటూ కాగితం తిప్పింది. పెద్ద ఎర్రంకె: సెప్టెంబరు 18. దాని కింద చీమల్లా చిన్న అక్షరాలు: ఎనిమిదో నెల, నాలుగో తిథి.

తలెత్తి గోడమీది ఈ రోజు కాగితం చూసింది. సెప్టెంబరు 17. ఏడో నెల, ఇరవయ్యారో తిథి.

"పిన్నీ, ఇది నేను వచ్చిన రోజుదేనా?"

"కాక మరి? పొద్దున్న ఒసాకాలో విమానం ఎక్కాను, ఇంతవరకూ ఏం తినలేదు అన్నావు. మూడు గిన్నెల అన్నం తిన్నావు. ఆ రోజు మర్చిపోతానా?"

టీ కప్పు మిహో చేతిలోనే ఉంది. అది చల్లబడటం ఆమెకు వేళ్ళలో తెలుస్తోంది.

ఆమె పుట్టింది ఒసాకాలో, ఇకునో పేటలో, చెప్పుల అట్టలు అంటించే కార్ఖానా మీది గదిలో. పాస్‌పోర్టు కొరియాది. ఆ దేశం ఆమె రెండుసార్లు చూసింది, రెండుసార్లూ బంధువుల పెళ్ళికే. తాతయ్య అక్కడి చేజూ దీవినుంచి పడవెక్కి వచ్చినవాడు. నానమ్మ అదే దీవిలో సముద్రం అడుగుకు మునిగి శంఖాలూ నాచూ ఏరినది. మూడు తరాలుగా వాళ్ళకు జపానులో ఉన్నది పౌరసత్వం కాదు, ఒక కార్డు. ప్రత్యేక శాశ్వత నివాసి. దేశంలో ఉన్నంతకాలం ఆ కార్డును ఎవరూ అడగరు. దేశం దాటినప్పుడే దానికి ప్రాణం వస్తుంది. విమానాశ్రయంలో ఒక చీటీ మీద గడిలో టిక్కు పెట్టాలి: రెండేళ్ళ లోపల తిరిగి వస్తాను. రాకపోతే ఆ హక్కు పోతుంది. బయట ఉండగా గడువు పెంచరు. మళ్ళీ ఇవ్వమని అడిగే దారీ లేదు. పుట్టిన వీధికి చుట్టపుచూపుగా, తొంభై రోజుల అతిథిలా రావాలి.

ఆ రెండేళ్ళు ఎప్పుడు నిండుతాయో మిహోకు కంఠతా వచ్చు. అలా అనుకుంది. తాతయ్య తద్దినం మర్నాడు బయల్దేరింది, కాబట్టి రెండేళ్ళ తర్వాతి తద్దినం నాటికి ఇంట్లో ఉండాలి. వాళ్ళింట్లో రోజులు లెక్కపెట్టేది అలాగే. ఎనిమిదో నెల మూడో తిథి తాతయ్య, పదకొండో నెల తొమ్మిదో తిథి ముత్తవ్వ. ఇంగ్లీషు తారీఖులు కరెంటు బిల్లుకూ బడి ఫీజుకూ. ఫోనులో నానమ్మను అడిగితే, "ఈ ఏడు ఇరవైనాలుగున పడిందే, తల్లీ" అంది. ఇరవైమూడుకు టికెట్టు కొనుక్కుని మిహో నిశ్చింతగా ఉంది.

కానీ ఈ ఏడు ఆరో నెల రెండుసార్లు వచ్చింది. అధిక మాసం.

అది ఆమెకు తెలియకనా? జులైలో నానమ్మ ఎంత సంబరంగా చెప్పింది. "ఇది ఖాళీ నెలే. దేవుళ్ళూ దయ్యాలూ లెక్కలోకి తీసుకోని నెల. ఇప్పుడు సమాధి బట్టలు కుట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. జనపనార బట్ట తెప్పించాను. దారానికి ముడి వెయ్యకూడదు సుమా, ముడి ఉంటే పోయేటప్పుడు దారి చిక్కుపడుతుంది." ఆ రాత్రి మిహోకు కల వచ్చింది. నానమ్మ సముద్రం మీద కూర్చుని కుడుతోంది. తెల్లటి బట్ట అల అలగా పరుచుకుపోతోంది. ఎక్కడా ముడి లేదు. అందమైన కల అనుకుని మళ్ళీ నిద్రపోయింది. ఆ ఖాళీ నెల తద్దినాన్ని వారం రోజుల తర్వాతికి నెట్టేసిందనీ, గడువు మాత్రం కదలకుండా అక్కడే కూర్చుందనీ తోచనే లేదు.

గడువు రేపే.

*

తర్వాతి రెండు గంటలూ ఫోనుతోనే సరిపోయాయి. రెండు రోజుల కిందట దీవుల మీదుగా వెళ్ళిన పెద్ద తుఫాను ఇప్పుడు ఒసాకా మీదికి పోతోంది. ఒసాకాకు విమానాలు లేవు. టోక్యోకు లేవు. జపాను దక్షిణాన నహాకు ఒకటే ఉంది. దారిలో చిక్కుకున్నవాళ్ళంతా దానికోసమే నిలబడ్డారు, మీ ముందు నూట నలభై మంది ఉన్నారండీ అంది ఒక నిద్ర గొంతు. తుఫాను కారణంగా గడువు పెంచుతారా అని ఇంకో నంబరుకు చేసింది. "ఆ వెసులుబాటు లేదమ్మా" అన్నాడు అవతలాయన. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది, దానివల్ల ఇంకా భయమేసింది.

"ఇంటికి ఫోన్ చెయ్యవే," అంది పిన్ని.

"చెయ్యను. నానమ్మకి చెప్తే గుండె ఆగిపోతుంది."

"మరి మీ నాన్న?"

 నాన్న ఐదేళ్ళ కిందట జపాను పౌరుడయ్యాడు. అన్నయ్యా అయ్యాడు. కార్ఖానా బోర్డు మీద కో అన్న ఇంటిపేరు పోయి తకయామా అన్న జపాను పేరు వచ్చింది. మిహో సంతకం పెట్టలేదు. చదువుకు బయల్దేరే ముందు రాత్రి, తద్దినం విస్తరి ఇంకా తియ్యకముందే నాన్న అన్నాడు: "ఒక్క సంతకం పెడితే గాలిలా వెళ్ళి గాలిలా వస్తావు. ఆ కార్డు పట్టుకుని ఊరేగుతానంటావేంటి?" ఆమె అంది: "నానమ్మ కార్డుకి తోడెవరుంటారు నాన్నా?" నానమ్మ పక్కనుంచి, "నా పళ్ళసెట్టు మార్చుకున్నాను గానీ నేను మారలేదురా" అంది. ఎవరూ నవ్వలేదు. రేపు విమానాశ్రయానికి నేను రాను అన్నాడు నాన్న. రాలేదు. రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా నడిచింది నానమ్మ చెప్పే మాటలే. నాన్నకు చెబితే ఏమంటాడో మిహోకు తెలుసు. నేను చెప్పలేదా అంటాడు.

పిన్ని పొయ్యి కట్టేసింది. "ఒసాకాయేనా వెళ్ళాల్సింది? ఆ దేశం మట్టి ఎక్కడైనా సరేనా?"

మిహో ఫోను కింద పెట్టింది. రెండు గంటలుగా విమానాలే తప్ప ఆమెకు ఇంకేమీ తట్టలేదు.

"ఎక్కడైనా సరే. రేవులో ముద్ర వేసే మనిషుంటే చాలు."

"మా తమ్ముడు జిన్‌షుయ్ జపాను కొసనున్న ఇషిగాకి దీవికి సరుకు పట్టుకెళ్తాడు. రేపు తెల్లారుజామున నాలుగింటికి. పది, పన్నెండు మంది మనుషుల్ని ఎక్కించుకోడానికి కాగితాలు కూడా ఉన్నాయి వాడికి." ఆమె చేతులు తుడుచుకుంటూ ఆగింది. "కానీ ప్రేతాల నెలలో నీళ్ళ మీద పోకూడదు. నా ఇంటి పిల్లవైతే పోనిచ్చేదాన్ని కాదు."

"నేను మీ ఇంటి పిల్లనే కదా పిన్నీ."

"మాటలు బాగా నేర్చావు," అని ఆమె ఫోను అందుకుంది.

*

జిన్‌షుయ్ యాభై దాటినవాడు. వక్క నమిలి నమిలి పళ్ళు ఇటుక రంగు తేలాయి. మిహో సంచి చూసి, "పుస్తకాలా? సముద్రం గురించి పుస్తకాలు సముద్రంలోకి తెస్తున్నావా?" అన్నాడు.

"సముద్రం లోపలి ప్రవాహాలు, మావయ్యా. అదే నా చదువు."

"ఓహో. ముప్పై ఏళ్ళుగా అవి నా కిందనుంచే పోతున్నాయి. ఏ రోజూ పరీక్ష పెట్టలేదు."

రేవు దాటేసరికి వాన ఆగింది. తుఫాను వెళ్ళిపోయిన సముద్రం ఇస్త్రీ చేసిన బట్టలా పడుంది. పొగమంచులోంచి సూర్యుడు రాకుండా వెలుగు మాత్రం వచ్చింది. పైకీ కిందికీ ఒకటే తెలుపు. ఓడ కదులుతోందని ఇంజను చప్పుడు వల్ల తప్ప తెలియడం లేదు. మిహో తాళ్ళచుట్ట మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. రాత్రి నిద్ర లేదు. మూసిన కళ్ళలోనూ అదే తెలుపు. దాని మీద నానమ్మ కూర్చుని ఉంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఎక్కడిదాకా వచ్చావే?" అంటోంది. "తెలియట్లేదు నానమ్మా." "చూసి రా. దారం అయిపోతోంది."

ఉలిక్కిపడి లేచింది. ఐదున్నర. చుక్కాని గదిలోకి వెళ్ళింది.

"మావయ్యా, ఇషిగాకి ఎన్నింటికి చేరతాం?"

"సాయంత్రం నాలుగున్నరకి."

ఊపిరి పీల్చుకోబోయి, గోడ గడియారం చూసి ఆగిపోయింది. "ఇది కీలుంగ్ టైము కదా?"

"మరి నా ఓడలో ఎవరి టైముంటుంది?"

"అక్కడ గంట ముందు. మన నాలుగున్నర అంటే వాళ్ళ ఐదున్నర. ముద్రలు వేసే ఆఫీసు ఐదింటికి మూసేస్తారు."

"అయితే ఏం? నేనెప్పుడూ రాత్రికి లంగరు వేసి పొద్దున్నే ఒడ్డుకి పోతాను. నువ్వూ పొద్దున్నే దిగు. భోజనం నాది."

"పొద్దున్న అయితే అక్కర్లేదు మావయ్యా," అంది మిహో.  "పొద్దున్నకి నేను అక్కడి మనిషిని కాను."

అతనితో అక్క ఫోనులో అర్జెంటు అని మాత్రమే చెప్పిందట. మిహో ఇప్పుడు మొత్తం చెప్పింది. కార్డు, రెండేళ్ళు, అధిక మాసం. అతను నమలడం ఆపి విన్నాడు. గేరు కాస్త ముందుకు తోశాడు. ఇంజను మూలిగింది.

"ఇంకో అరగంట పిండగలనేమో. అంతకంటే ఈ ముసలిదాని వల్ల కాదు." అని, తల పక్కకు తిప్పుకున్నాడు. "ఇంకో మాటుంది. ముందర నేల సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము దాటాక నేను ఆపాలి. ఇరవై నిమిషాలు."

"ఎందుకు?"

"మా నాన్న అక్కడే పోయాడు. శవం దొరకలేదు. ప్రేతాల నెలలో ఆ నీళ్ళు దాటితే ఇంజను ఆపి, లంగరు వేసి దీపం వదులుతాను. ఇరవైమూడేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు."

అరగంట లాభంలోంచి ఇరవై నిమిషాలు పోతాయి. మిగిలేది పది. ఐదింటికి అందాలంటే ముప్పై కావాలి. పొగమంచులో ఎక్కడో ఒక పక్షి ఒక్కసారి అరిచి ఊరుకుంది.

ఈసారికి వద్దు అనమని ఆమె లోపల ప్రతి ఎముకా అరుస్తోంది. ఆమె నోరు తెరిచింది కూడా. అతను ఆ మాట కోసమే చూస్తున్నాడు. అడిగితే ఒప్పుకునేలా ఉన్నాడు. అదే కష్టంగా ఉంది.

"ఇంతకీ నువ్వు ఇంటికి దేనికి పోతున్నావు, చదువయిపోయిందనా?" అన్నాడు.

"తాతయ్య తద్దినానికి."

ఆ మాట అన్నాక మిహో బయటి తెల్లటి నీళ్ళకేసి చూసింది. 

"ఆపండి మావయ్యా," అంది చివరకు. "ఆయన ఎదురు చూస్తుంటారు."

*

ఇంజను ఆగగానే ప్రపంచం ఆగినట్టయింది. నీరు ఓడ పక్కల్ని తడుతున్న చప్పుడు, ఎవరో తలుపు మెల్లగా తడుతున్నట్టు. జిన్‌షుయ్ ఓడ అంచున ఒక పళ్ళెం పెట్టాడు. వేయించిన చేప, సిగరెట్టు, ఒక గ్లాసు సారా. మైనపు కాగితంతో తామరపువ్వులా కట్టిన దీపం వెలిగించి, తాడు కట్టిన బల్ల మీద నీళ్ళలోకి దించాడు. మిహో తనకు తెలిసిన పద్ధతిలోనే, మోకాళ్ళు వంచి నుదురు చెక్కకు ఆనించి రెండుసార్లు మొక్కింది. ఆయన పేరు ఆమెకు తెలియదు. నీళ్ళలో పోయినవాళ్ళ ముందు తలవంచడం నానమ్మ నేర్పిందే. ఆవిడతో పాటు మునిగి పైకి రాని వాళ్ళు ముగ్గురున్నారు.

"నాన్నా," అన్నాడు జిన్‌షుయ్ నీళ్ళతో, మామూలు గొంతుతో. "కాస్త తొందరగా కానియ్యి. ఈ పిల్లకి ఆఫీసు పనుంది."

మిహోకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

దీపం బల్ల మీదినుంచి జారి తేలింది. తెల్లటి నీళ్ళ మీద తెల్లటి పువ్వు. మిహో దాన్నే చూస్తూ కూర్చుంది, చూడటం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేక. ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఐదు. కలలో చూస్తున్నట్టే ఉంది. దీపం అక్కడే ఉంది.

ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"మావయ్యా, ప్రతి ఏడూ దీపం ఎటు పోతుంది?"

"ఉత్తరానికి. చేతిలోంచి లాక్కున్నట్టు పోతుంది. నల్ల ప్రవాహం పోయేది ఇక్కడినుంచే కదా, సముద్రంలో నది లాంటిది." అని, అతనూ నీళ్ళలోకి చూశాడు. నమలడం ఆగిపోయింది. "ఇదేంటి ఇది? కదలట్లేదు."

ఓడకు మూరెడు దూరంలో దీపం తీరిగ్గా ఒక చుట్టు తిరిగింది. తర్వాత తూర్పుకు, చాలా నెమ్మదిగా, ఎవరో వేలితో తోసినట్టు కదిలింది.

"మనం ఇప్పుడు ఏ దారిన పోతున్నాం?"

"ఎప్పుడూ పోయే దారే. ఇంకో రెండు గంటలు తీరం వెంబడే దక్షిణానికి దిగి, అప్పుడు తూర్పుకి తిప్పుతాను. ఇక్కడే తిప్పితే ప్రవాహం ఉత్తరానికి ఈడ్చుకుపోతుంది."

"ఈ రోజు ఈడ్చదు," అంది మిహో. మాటలు తడబడుతున్నాయి గానీ ఆమెకు అంతా కళ్ళముందు పటంలా కనిపిస్తోంది. రెండేళ్ళుగా ప్రయోగశాల తెరల మీద చూసిన రంగు గీతలు ఇప్పుడు ఈ తెల్లటి నీటి కింద కదులుతున్నాయి. "పెద్ద తుఫాను వెళ్ళాక ఒక్కోసారి ఇక్కడ సుడి లాంటిది పడుతుంది. అది ప్రవాహాన్ని పక్కకి తోసేస్తుంది. నాలుగైదు రోజులు ఉంటుంది. మా చదువులో చూశాం, ఈ కొమ్ము దగ్గరే. ఇక్కడినుంచే నేరుగా తూర్పుకి కొడితే గంట కలిసొస్తుంది."

"చూశాం అంటే, నీళ్ళలోనా, కంప్యూటర్‌లోనా?"

"కంప్యూటర్‌లో."

"అదీ సంగతి." అతను దీపం వైపు చూశాడు. "తప్పయితే? ఇషిగాకికి ఉత్తరాన ఎక్కడో తేలతాం. డీజిల్ పోతుంది, రేపు మధ్యాహ్నానికి గానీ చేరం."

"తప్పయితే నాకు తేడా ఉండదు. రేపు పొద్దునైనా, మధ్యాహ్నమైనా ఒకటే. నష్టం మీకే."

దీపం ఇప్పుడు తూర్పున ఒక చుక్కలా ఉంది. మంచు దాన్ని సగం మింగింది.

"నేను నీ మాట నమ్మట్లేదు," అన్నాడు జిన్‌షుయ్ చుక్కాని వైపు నడుస్తూ. "నాకు కంప్యూటర్ల మీద గురి లేదు. కానీ ఇరవైమూడేళ్ళలో మా నాన్న మొదటిసారి దారి చూపిస్తున్నాడు. ఆయన మాట ఒకసారి వినలేదు, అప్పుడే ఇల్లొదిలి పారిపోయాను. రెండోసారి వినకపోతే బావుండదు."

లంగరు లేచింది. ఓడ ముక్కు తూర్పుకు తిరిగింది.

ఆ తర్వాతి గంటలు మిహోకు ఎప్పటికీ వరసగా గుర్తుకు రాలేదు. మంచు విడిపోయి, నీలం వచ్చి, ఆ నీలం మీద ఎగిరే చేపలు సూదుల్లా కుట్టుకుంటూ పోయాయి. ఒకసారి దూరంగా ఒక దీవి కనిపించి మాయమైంది. ఒకసారి ఆమె నిద్రపోయింది. ఇకునో వీధిలో మోకాళ్ళ లోతు నీరు, తాతయ్య చెప్పుల అట్టలు పడవల్లా వదులుతున్నాడు. అవన్నీ ఒకే వైపు పోతున్నాయి. మెలకువ వచ్చేసరికి జిన్‌షుయ్ తెర మీది అంకెల్ని వేలితో కొడుతున్నాడు.

"ఉత్తరానికి రెండు మైళ్ళు కూడా జరగలేదు," అన్నాడు. మెచ్చుకోలుగా కాదు, కోపంగా. "ఈ ముక్క ఎవరికీ చెప్పకు. కీలుంగ్‌లో నా పరువు పోతుంది."

*

గట్టుకు తాడు విసిరేటప్పటికి అక్కడి గడియారం నాలుగూ నలభై ఏడు. మిహో పరుగెత్తింది. ఎండ తెల్లగా కాస్తోంది, మూడు రోజులనాటి తుఫాను విరిచిన కొమ్మలు రోడ్డు పొడవునా పడున్నాయి. రేవు కార్యాలయంలో ఒక్క బల్ల, ఒక్క పంకా, ఒక్క మనిషి. రొమ్ము మీది చీటీ మీద ఓహామా అని ఉంది. ఆయన అప్పటికే టోపీ తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆకుపచ్చ పాస్‌పోర్టూ కార్డూ అందించింది.  ఆయన కార్డును యంత్రం మీద పెట్టి తెర చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గోడమీది క్యాలెండర్ చూశాడు.

"ఈ రోజే ఆఖరు," అన్నాడు.

"అవునండీ."

"రెండేళ్ళు ఇచ్చారు కదమ్మా. పది నిమిషాలు మిగుల్చుకుని వస్తారా ఎవరైనా?"

 మిహో నిజమే చెప్పింది. "అధిక మాసం వచ్చిందండీ. మా ఇంట్లో తిథుల లెక్క. తాతగారి తద్దినంతో గుర్తు పెట్టుకున్నాను."

ఓహామా కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. "మా అమ్మా అంతే," అన్నాడు. "నా పుట్టినరోజు ఏ ఏడూ ఒక రోజున రాదు. కేకు కొట్టువాడు విసుక్కుంటాడు." ముద్ర అందుకుని, తారీఖు చక్రం సరిగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసి, కాగితం మీద నొక్కాడు. మెత్తటి చప్పుడు. అంతే.

"ఇంటికి వచ్చారు," అన్నాడు. అందరితోనూ అనే మాటే కావచ్చు.

మిహో బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.  ఫోను తెరిచింది. సముద్రం మీద చచ్చిపడున్నది ఒక్కసారిగా లేచి మోగడం మొదలుపెట్టి ఆగలేదు. అందని కాల్స్ పందొమ్మిది. పందొమ్మిదీ ఒకే నంబరు. రెండేళ్ళుగా ఆ నంబరునుంచి ఒక్కటీ రాలేదు.

చూస్తుండగానే ఇరవయ్యోది మోగింది.

"మిహో," అన్నాడు నాన్న. వెనక గాలి హోరు, రేకులు కొట్టుకుంటున్న చప్పుడు. "ఎక్కడున్నావు? ఈ రోజు పద్దెనిమిది. మీ నానమ్మ ఇరవైనాలుగు, ఇరవైనాలుగు అంటూ కూర్చుంది. పొద్దున్న కిటికీలకి టేపు వేస్తూ బ్యాంకు వాళ్ళ క్యాలెండర్ చూశాను. ఈ రోజేనే నీ గడువు. వింటున్నావా?"

"ఇషిగాకిలో ఉన్నాను నాన్నా."

అవతల కిటికీ ఒకటి మూసిన చప్పుడు వినిపించింది.

"ముద్ర పడిందా?"

"పడింది."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు తుఫానులోంచి కూడా వినిపించింది. నేను చెప్పలేదా అంటాడని మిహో చూసింది. అనలేదు.

"నేను వెళ్ళిన తారీఖు నీకెలా గుర్తుంది?" అంది. "నువ్వు రాలేదు కదా."

"వచ్చాను. కారు దిగలేదు అంతే. పార్కింగ్ చీటీ మీద తారీఖు ఉంది. ఇంకా కారులోనే ఉంది అది." గొంతు సవరించుకున్నాడు. "ఏమైనా తిన్నావా?"

"లేదు."

"ముందు తిను. విమానాలు మొదలయ్యాక టికెట్టు నేను చూస్తాను. ఇదుగో, నానమ్మ లాక్కుంటోంది."

ఫోను చేతులు మారిన చప్పుడు. "ఏమే, ఇంకా ఆరు రోజులుండగానే వచ్చేశావా?" అంది నానమ్మ. "మంచిదే. చేపలు ఎండబెట్టాలి, మనిషి సాయం లేదు. నా బట్టలు కూడా కుట్టడం అయిపోయింది, చూద్దువుగాని. ఎక్కడా ఒక్క ముడి లేదు."

రేవులో జిన్‌షుయ్ తీరిగ్గా సరుకు దించుతున్నాడు. ఆ వెనక సముద్రం తెల్లగా, నున్నగా పరుచుకుని ఉంది. మిహో జేబులోంచి నూనె మరక కాగితం తీసి, మడత విప్పి, చూసి, మళ్ళీ మడిచి పెట్టుకుంది.

"వస్తున్నా నానమ్మా," అంది. "దారిలోనే ఉన్నాను."